మతిమరుపా, చిత్తవైకల్యమా? — అనువాద ప్రశ్నావళుల సప్రమాణతా చరిత్ర

వైద్యమునకు సంబంధించిన యొక ప్రశ్నావళిని గూర్చిన చర్చకు తెలుగుశాఖవారి వార్షికపత్రికలో చోటెందుకని కొందరు పాఠకులు సందేహింపవచ్చును. ప్రశ్నావళిని కూర్చువారు మనస్తత్త్వశాస్త్రజ్ఞులు; దాని గుణదోషములను లెక్కించువారు గణాంకశాస్త్రజ్ఞులు; ఉపయోగించువారు వైద్యులు. ఇందు భాషావేత్తకు మిగిలిన పని అనువాదము చేసియిచ్చి తప్పుకొనుటయే యని చాలకాలము భావింపబడినది. ఆ భావన యెట్లు పుట్టినదో, ఎచ్చట దెబ్బతిన్నదో, తెలుగు వాక్యములను ముందుంచుకొని చూచినప్పుడు అది యెంతవరకు నిలుచునో పరిశీలించుట మా యుద్దేశము. మేము గైకొన్న యుదాహరణము, వృద్ధాప్యమున జ్ఞాపకమును వివేచనయు క్రమముగా క్షీణించు స్థితినిగూర్చి జనసామాన్యమునకేమి తెలియునో కొలుచుటకై ఆంగ్లమున నేర్పడిన ప్రశ్నావళులు. ఆ స్థితికి ఆంగ్లమున డిమెన్షియా యని పేరు. తెలుగున నేమనవలెనన్నదే యీ వ్యాసమందలి చిక్కు గావున, ప్రస్తుతమునకు ఆ పేరునే వాడుదుము.

డిమెన్షియా యొకానొక వ్యాధికి పేరు కాదు. జ్ఞాపకము, భాష, దిక్కు తెలియుట, నిర్ణయశక్తి మున్నగునవి దైనందినజీవనమునకు భంగము కలుగునంతగా చెడిన స్థితికి పేరు. అట్టి స్థితికి గల హేతువులలో నెక్కువగా కానవచ్చునది అల్జీమరు వ్యాధి. 2023లో ప్రకటింపబడిన యొక దేశవ్యాప్త పరిశోధనము, భారతదేశమున 60 ఏండ్లు నిండినవారిలో నూటికి 7.4 మంది, అనగా దాదాపు 88 లక్షలమంది, ఈ స్థితిలో నున్నారని అంచనా కట్టెను. వీరి సంరక్షణభారము చాలవరకు ఇంటివారిదే. తెలుగిండ్లలో దీని తొలిలక్షణములకు వ్యాధియను పేరు రాదు. అడిగినదే యడుగుట, చెప్పినదే చెప్పుట, వస్తువును తానే దాచి మరచి ఎవరో దొంగిలించిరనుట — ఇవియన్నియు 'చాదస్తము' క్రింద జమకట్టబడును. ఛందస్సు, అనగా వేదము, చదివినవానికి చెల్లిన 'ఛాందసుడు' అను మాటతో సంబంధముగల యీ పదము, పట్టినపట్టు విడువని ముసలితనమునకు పేరైన తీరు అర్థపరిణామమును బోధించువారికి పరిచితమే. చాదస్తమునకు మందు లేదు, విసుగు మాత్రము కలదు. వ్యాధియని తెలిసినచో ఓర్చుకొనెడి కొడుకే చాదస్తమని తలచినప్పుడు తండ్రిని కసరును. ప్రజలకేమి తెలియునో కొలువవలసిన అక్కర ఇచ్చట పుట్టుచున్నది. కొలత తప్పినచో, వారికి తెలియనిదానిని వదలి తెలిసినదానినే మరల మరల చెప్పుటయగును.

కొలువబడు జ్ఞానమునకును ఒక చరిత్ర కలదు. దానిని మరచుట పొరపాటు. 1906లో ట్యూబింగెన్ నగరమున ఆలోయిస్ అల్జీమరు తాను చూచిన యొక రోగిణి వృత్తాంతమును వైద్యులసభలో వినిపించెను. ఆమెకు వ్యాధి సోకునప్పటికి వయస్సు అరువదికి లోపే. 1910లో ఎమిల్ క్రేపెలిను తన వైద్యగ్రంథమున ఆ వ్యాధికి అల్జీమరు పేరు పెట్టెను. అటుపిమ్మట అనేక దశాబ్దములు, నడివయస్సున వచ్చిన మతిక్షీణతయే వ్యాధియనియు, ముదిమిలో వచ్చినది ముదిమివలననే వచ్చినదనియు వైద్యులే తలచుచుండిరి. 1976లో రాబర్ట్ కాట్జ్‌మన్ ఒక సంపాదకీయమున ఈ రెంటికిని భేదము లేదని వాదించిన తరువాతనే దృష్టి మారినది. కావున 'ఇది వృద్ధాప్యమున సహజమైనది కాదు' అను వాక్యము, నేటి ప్రశ్నావళులలో ప్రాథమికజ్ఞానముగా లెక్కింపబడుచున్నను, వైద్యలోకమున స్థిరపడి యేబది యేండ్లకు కొంచె మటునిటుగా నున్నది. మన పల్లెలోని గృహస్థునకు తెలియకుండుట వింత కాదు.

ప్రశ్నావళులు ఈ మార్పువెంటనే పుట్టినవి. 1977లో అమెరికాలో అర్డ్‌మన్ పామోరు వృద్ధాప్యమును గూర్చిన 25 వాక్యముల పరీక్షను ప్రకటించెను. ముసలివారిలో నెక్కువమంది మతి తప్పినవారే యను భావమును అందు మొదటి వాక్యమే పరీక్షించును. 1988లో డీక్‌మన్ మొదలగువారు కేవలము అల్జీమరు వ్యాధినిగూర్చి 20 ప్రశ్నలు కూర్చిరి. 2009లో సెయింట్ లూయీ నగరమునుండి బ్రయన్ కార్పెంటరును ఆయన సహచరులును 30 వాక్యముల మానమును వెలువరించిరి. ఒక్కొక్క వాక్యము నిజమో కాదో చెప్పుట మాత్రమే ఉత్తరము. వ్యాధిహేతువులు, నిర్ణయము, లక్షణములు, వ్యాధిగమనము, జీవితముపై ప్రభావము, సంరక్షణము, చికిత్స అను ఏడు విషయములందు అవి వ్యాపించియున్నవి. మార్గరెట్ గాట్జ్ అను విదుషి 1988 నాటి కూర్పునందును 2009 నాటి కూర్పునందును పాల్గొనుట గమనింపదగినది. పాతదాని లోపములను ఎరిగినవారే క్రొత్తదానిని దిద్దిరి. పిమ్మట టాస్మేనియాలో మైకేల్ అనియర్ మొదలగువారు 2015లో నొక మానమును ప్రకటించి, 2017 నాటికి దానిని 25 వాక్యములకు కుదించిరి. ఇందు 'తెలియదు' అను ఉత్తరమునకు చోటు కలదు. ఈ చోటు ఎంత విలువగలదో ముందు చెప్పుదుము. ఈ చివరి రెండు మానములును అనేక భాషలలోనికి అనువదింపబడినవి.

అనువాదము చేయు పద్ధతికి మూలపురుషునివలె తలపబడువాడు రిచర్డ్ బ్రిస్లిన్. 1970లో ప్రకటించిన వ్యాసమున ఆయన గ్వాము ద్వీపమందలి విశ్వవిద్యాలయమున 94 మంది ద్విభాషులచేత, పది భాషలలో, ఆరు వ్యాసములను అనువదింపజేసిన ప్రయోగమును వివరించెను. ఒకరు ఆంగ్లమునుండి తమ భాషలోనికి మార్తురు; మూలమును చూడని మరియొకరు దానిని తిరిగి ఆంగ్లము చేయుదురు; రెండు ఆంగ్లపాఠములను ప్రక్కప్రక్కనుంచి పోల్తురు. తిరుగు అనువాదమని దీనికి పేరు పెట్టవచ్చును. ఎదుటిభాష తెలియని పరిశోధకునకు ఇంతకంటె తోడుపడు సాధనము లేదు. కాని సాధనము నెవరు ప్రశంసించుచున్నారో చూడుడు: ఎదుటిభాష తెలియనివాడు. భాష తెలిసినవానికి ఇది చాలునా యన్న ప్రశ్న వేరు. బ్రిస్లినునకు దీని పరిమితి తెలియకపోలేదు; ఆయన దానిని ఒంటరిగా నమ్ముమనలేదు. అనుసరించినవారు మాత్రము తరచుగా నమ్మిరి.

ఒక్క వాక్యమును పట్టి చూతము. 2009 నాటి మానమున, అల్జీమరు రోగులలో నెక్కువమంది నర్సింగు హోములలో నివసింతురను అర్థముగల వాక్యమొకటి కలదు. అది నిజము కాదన్నది సరియైన యుత్తరము. అమెరికాలో నర్సింగు హోమనగా, తమంతట తాము మెలగలేని వృద్ధులు ఏండ్లతరబడి నివసించు పరిచర్యాగృహము. తెలుగువారికి నర్సింగు హోమనగా వీధి మలుపున నుండు చిన్న ప్రైవేటు ఆసుపత్రి. ఎక్కువగా పురుళ్లకు పోవుచోటు. ఈ వాక్యమును 'నర్సింగు హోము' అనియే తెలుగు చేసి, తిరిగి ఆంగ్లము చేయించినచో, మూలముతో అక్షరముకూడ తేడా రాదు. పరీక్ష నూటికి నూరుపాళ్లు గెలిచినది, వాక్యము మాత్రము ఓడినది. పరిచర్యాగృహమును 'వృద్ధాశ్రమము' అని మార్చితిమనుకొందము. అప్పుడు మరియొక చిక్కు. వృద్ధాశ్రమమన్న మాట చెవినిబడగానే తెలుగువాని మనస్సున మెదలునది గణాంకము కాదు, బిడ్డల ధర్మము.

ఇచ్చట ఉత్తరములకు పెట్టిన పేర్లును లోతుగా నాలోచింపదగినవి. పాఠశాలలలో చిరకాలముగా నున్న వాడుకను బట్టి అనువాదకులు 'ఒప్పు, తప్పు' అని వ్రాయుదురు. ఆంగ్లమున వాక్యము యథార్థము కాదనుటకు ఒక మాట, చేసిన పని ధర్మము కాదనుటకు మరియొక మాట కలవు. తెలుగున రెంటికిని 'తప్పు' ఒక్కటే. రోగులు వృద్ధాశ్రమములలో నుందురన్న వాక్యమును విని, 'తప్పండీ' అని పెద్దాయన యొకడు బదులుచెప్పినచో, ఆయన చెప్పినది లోకమున నట్లు జరుగుటలేదనియా, అట్లు జరుగుట తగదనియా? పత్రమున రెండును ఒకే గడిలో పడును. రెంటికిని ఒక మార్కు. రోగి యొకే మాటను మరల మరల చెప్పుచుండగా, 'ఇది ఇదివరకే చెప్పితివి' అని గుర్తుచేయుట మేలను వాక్యము కూడ అదే మానమున నున్నది. మేలు కాదన్నది దాని సరియైన యుత్తరము. పెద్దలకు ఎదురాడరాదను మర్యాదవలన 'తప్పు' అన్నవారికిని, వ్యాధి స్వభావమెరిగి 'తప్పు' అన్నవారికిని ఇచ్చట భేదము తెలియదు. ఒక విధముగా ఆ మర్యాదయే రోగికి మేలు చేయుచున్నదని మేము సంతోషింపవచ్చును. కాని మేము కొలువబూనినది జ్ఞానమును గాని మర్యాదను గాదు.

వ్యాధినామము దగ్గర ఈ చిక్కు మరింత బిగియును. దీనిని రాజ్యస్థాయిలో ఎదుర్కొన్న దేశములలో జపాను ఒకటి. అచ్చట డిమెన్షియాకు 'చిహో' అను పేరుండెను. దానిని వ్రాయు రెండు లిపిసంకేతములకును బుద్ధిహీనత, మూఢత్వము అను అర్థములు. 2004లో ప్రభుత్వము నియమించిన సంఘమొకటి ప్రజాభిప్రాయమును సేకరించి, ఆ డిసెంబరులో 'నిన్‌చిషో' అను క్రొత్తపేరును సూచించెను. ఎరుకకు సంబంధించిన రోగమని దాని స్థూలార్థము. అందు లోపమును తెలుపు శబ్దమే లేదని కొందరు మనస్తత్త్వశాస్త్రజ్ఞులు ఆక్షేపించిరి. వ్యుత్పత్తినిబట్టి వారి మాట కాదనరానిది. అయినను పేరు నిలిచినది. ఒకే ప్రశ్నావళిని 2004కు ముందొకమారు, తరువాత నొకమారు జపానుభాషలో అడిగినచో, వాక్యములన్నియు నొకటియేయైనను, అవి రెండు వేర్వేరు ప్రశ్నావళులని మా యభిప్రాయము.

భారతదేశమున పేర్ల విషయము ప్రభుత్వసంఘములచేత గాక, ఇండ్లకుపోయి మాటలాడిన పరిశోధకులచేత బయటపడినది. కేరళమున రోగుల కుటుంబములవారు 'చిన్నన్' అను మాట వాడుచుండిరి. పిల్లతనమని దాని భావము. గోవాలో 'నెర్వా ఫ్రాకెసె' అనుచుండిరి. నరముల నీరసము, మెదడు అలసట అను భావములలో దీనిని వివరించిరి. కాశీలో లారెన్స్ కోహెన్ పరిశోధించి 1998లో ప్రకటించిన గ్రంథమున, అరువది దాటుటనుండి పుట్టిన 'సఠియానా' అను హిందీక్రియ చర్చింపబడినది. ఇవి యేవియు అజ్ఞానపు మాటలు కావు. ప్రతి మాటలోను కారణమునుగూర్చిన యొక సిద్ధాంతమున్నది: ఒకదానియందు వయస్సు, ఒకదానియందు బలహీనత, ఒకదానియందు బాల్యమునకు మరలుట. ముసలివారు పసివారితో సమానమన్న తెలుగువారి మాటయు మలయాళపు మాటకు దగ్గరిచుట్టమే.

ఇక తెలుగున మూడు పేర్లు మన యెదుట కలవు. పత్రికలలో వాడుకపడినది 'మతిమరుపు'. విజ్ఞానవ్యాసములలో కానవచ్చునది 'చిత్తవైకల్యము'. వైద్యుల నోట వినబడునది 'డిమెన్షియా'. ఒక గృహస్థుని ఊహింతము: డెబ్బది యేండ్లవాడు, లోకజ్ఞానము గలవాడు, ఈ స్థితినిగూర్చి ప్రత్యేకముగా నేమియు విననివాడు. 'మతిమరుపు ముదిమిలో సహజముగా వచ్చునది' అని చదివినచో ఆయన ఔననును. తాళముచెవి ఎచ్చట పెట్టినది మరచుట, తెలిసినవారి పేరు వెంటనే తోపకుండుట వయస్సుతో కలుగుననుట సత్యమే. ఆయన అడిగినదానికి సరిగానే చెప్పెను. పత్రము మాత్రము ఆయనకు సున్న వేయును. అదే వాక్యమును 'చిత్తవైకల్యము' అను మాటతో చదివినచో, చిత్తము చెడుట, అనగా పిచ్చి, అని ఆయన తలచును. పిచ్చి ముసలివారందరకు సహజముగా వచ్చునా యని కాదనును. పత్రము మార్కు వేయును. ఆయన జ్ఞానమున వెంట్రుకవాసియైన పెరుగుదల లేదు. 'డిమెన్షియా' అని చదివినచో 'అదేమి?' అనును, 'తెలియదు' అను గడి లేనిచో ఏదో యొకటి చెప్పును. ఒకే మనుష్యుడు, ఒకే తెలివి. మూడు పేర్లకు మూడు ఫలితములు. వీనిలో మొదటి దోషము కొంత నయము, తక్కువ మార్కులు చూచి పరిశోధకుడు అనుమానపడును. రెండవది అనుమానమునకే తావీయదు.

గణితము ఈ దోషమును పట్టుకొనదా యని గణాంకశాస్త్రము నేర్చిన విద్యార్థులు అడుగుదురు. ఒప్పు-తప్పు ప్రశ్నల పొందికను కొలుచుటకు 1937లో కూడరు, రిచర్డుసను లొక సూత్రము నిచ్చిరి. దానిని విస్తరించి లీ క్రాన్‌బాకు 1951లో ఆల్ఫా గుణకమును ప్రకటించెను. 2009 నాటి మానమునకు ఆంగ్లమున వచ్చిన ఆల్ఫా 0.71. అనువాదమునకును అంతకు దగ్గరగా వచ్చినచో కృతార్థులమైతిమని తలచువారున్నారు. ఆల్ఫా తెలుపునది వాక్యములు ఒకదానితో నొకటి కలిసి నడచుచున్నవా యన్నది మాత్రమే. ఎచ్చటికి నడచుచున్నవో అది తెలుపదు. 'చిత్తవైకల్యము' అను మాట ముప్పది వాక్యములలో నుండి, వినువారందరు ముప్పదిమారులును పిచ్చియనియే యర్థము చేసికొన్నచో, వారి యుత్తరములలో చక్కని పొందిక యుండును. అపార్థము స్థిరమైనదైనచో విశ్వసనీయత తగ్గదు, పెరుగవచ్చును. క్రాన్‌బాకే పాల్ మీల్‌తో కలిసి 1955లో వ్రాసిన వ్యాసమున, పరీక్ష కొలుచుచున్నదని చెప్పబడు భావమునే కొలుచుచున్నదా యను విచారము వేరుగా చేయవలసినదని నిరూపించెను. విశ్వసనీయత వేరు, సప్రమాణత వేరు. మొదటిదానిని యంత్రము లెక్కించును. రెండవదానికి మనుష్యుని మాట వినవలెను.

విన్నవారు లేకపోలేదు. 1970లోనే ఆస్వాల్డ్ వెర్నరు, డోనాల్డ్ క్యాంబెలు అనువారు మూలపాఠమును దేవతావిగ్రహమువలె నిలిపి అనువాదమునే వంచుట తగదనియు, రెండు భాషలలోను సహజముగా పలుకువరకు మూలమునుకూడ మార్చవలెననియు బోధించిరి. 1983లో అమెరికాలో మనస్తత్త్వశాస్త్రజ్ఞులును సర్వే నిర్వాహకులును కూడి జరిపిన గోష్ఠి తరువాత, ఉత్తరమిచ్చువానిచేత ఆలోచనను బయటికి పలికించి వినుపద్ధతి ప్రబలినది. ఆ మాట మీకెట్లు అర్థమైనది, ఏమి తలచి అట్లు చెప్పితిరి అని అడుగుటయే యిది. మన పెద్దాయన 'తప్పు'లోని రెండర్థములను విడదీయగలది ఈ యొక్క ప్రశ్న.

మన దేశమున ఇందుకు మేలైన దృష్టాంతము హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతమున జరిగిన పని. అది ప్రజల జ్ఞానమును గాక వృద్ధుల జ్ఞాపకమునే పరీక్షించుటకైనను, మార్గము మనకు గ్రాహ్యము. 1975లో ఫోల్‌స్టీన్ దంపతులును మెక్‌హ్యూగును కూర్చిన ఆంగ్లపరీక్షలో, కన్నులు మూసికొనుమన్న వ్రాతను చదివి అట్లు చేయుట, ఒక వాక్యము వ్రాయుట కలవు. చదువురాని వృద్ధులకు ఇవి మతిపరీక్షలు కావు, బడిపరీక్షలు. 1995లో మేరీ గంగూలీ మొదలగువారు ప్రకటించిన హిందీరూపమున, పరీక్షకుడు కన్నులు మూసి తనవలె చేయుమని చెప్పును. వాక్యము వ్రాయించుటకు మారుగా ఇంటినిగూర్చి ఒక మాట చెప్పించును. మాట మారినది, ప్రయోజనము నిలిచినది. అనువాదమనగా ఇది యని మేము విద్యార్థులకు చూపుచుందుము.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి, తెలుగు ప్రశ్నావళికి మేము కోరునవి కొన్ని. 2011 జనాభా లెక్కలనాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున అక్షరాస్యులు నూటికి 67 మంది. వృద్ధులలో ఇంకను తక్కువ. కావున పత్రమును చదివి వినిపింపవలసినదే. చదివి వినిపించు వాక్యము నోటిభాషలో నుండవలెను. మేము ఈ వ్యాసమును గ్రాంథికచ్ఛాయలో వ్రాయుచున్నను, ఇదే భాషలో నొక ముసలమ్మను ప్రశ్నించినచో ఆమె పురాణము చెప్పవచ్చితిరా యని అడుగును. తెలంగాణము, రాయలసీమ, కోస్తా పలుకుబడులకు వేర్వేరుగా వినిపించి చూడవలెను. నిషేధవాక్యములను వీలైనంత మేర మానవలెను. 'రాదు' అన్న వాక్యమునకు తెలుగువాడు 'ఔను' అన్నచో రాదనియే భావము గాని, వ్రాసికొను యువకుడు తొందరలో వేరుగా గీత గీయవచ్చును. 'ఒప్పు, తప్పు'లకు బదులు 'నిజమే, నిజం కాదు, తెలియదు' అని యుండుట మేలు. పేరు విషయమున మేము క్రొత్తపదమును కల్పింపబోము. ప్రశ్నలకు ముందు నాలుగు మాటలలో నొక మనుష్యుని వర్ణింపవలెను: ఇంటిదారి మరచినవాడు, వండినదే మరల వండబూనినది, కన్నబిడ్డను ఎవరవని యడిగినది. తరువాత 'ఇట్టి స్థితిని వైద్యులు డిమెన్షియా అందురు' అని చెప్పి ప్రశ్నింపవలెను. హైదరాబాదులో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన ప్రసిద్ధ పరిశోధనమున, వారిలో 391 మంది ఒకటికంటె నెక్కువ భాషలు మాటలాడువారని తేలినది. అట్టి నగరమున పరభాషాపదమొక్కటి వచ్చి కూర్చున్నంతమాత్రమున తెలుగు చెడదు.

ఉత్తరముల పట్టికకు మాత్రము సంవత్సరము వేయక తప్పదు. మార్చదగిన హేతువులని లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన సంఘము 2017లో 9 చెప్పినది. 2020లో అవి 12, 2024లో 14 అయినవి. చివర చేరిన రెంటిలో అధిక కొలెస్టరాలు ఒకటి; 2009 నాటి మానమున దానిని గూర్చిన వాక్యము అప్పటికే యున్నది. 2023లో అమెరికాలో అనుమతి పొందిన లెకానెమాబ్ అను మందు వ్యాధిగమనమును కొంత మందగింపజేయును గాని నయము చేయదు. ఈ భేదమును తెలుగున చెప్పబూనినప్పుడు అనువాదకుని చేతికి మొదట వచ్చు క్రియ 'తగ్గించు'. జ్వరము తగ్గినదనగా మనకు జ్వరము పోయినదనియే యర్థము. 'రోగ లక్షణాలను తగ్గించే మందులున్నాయి' అను వాక్యమును విని ఔనన్నవాడు, ఆ మందు వాడినచో తన తల్లి తిరిగి మునుపటివలె నగునని నమ్మి ఔనెనో, లేదో, మరల అడిగి తెలిసికొనక మార్కు వేయరాదు.